నాన్న వద్దన్న ఇన్సులిన్

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో, పచ్చిమిరపకాయల కవర్ వెనకాల, ఒక ఇన్సులిన్ పెన్ను ఐదు నెలలు అలాగే ఉండిపోయింది. డాక్టరుగారు రాశారు, అమ్మ కొనుక్కొచ్చింది, నాన్న ముట్టుకోలేదు. "సూది దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే" అనేవారు. మాత్ర ఇంకొకటి వేసుకుంటాను, నడక ఇంకో అరగంట పెంచుతాను, రాత్రి అన్నం మానేస్తాను, సూది మాత్రం వద్దు అన్నారు.

ఆ ఐదు నెలలూ నేను హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో కూర్చుని, ఇన్సులిన్ తయారుచేసే కణాలు ఎలా అలసిపోతాయో, ఎంత అలసిపోతే చచ్చిపోతాయో చూస్తున్నాను. అదే నా పీహెచ్‌డీ. సెమినార్లో నలభై నిమిషాలు చెప్పగలిగిన సంగతి మా నాన్నకి ఫోన్లో నాలుగు నిమిషాలు చెప్పలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఇలాంటి పెన్నులు ఇంకెన్ని ఇళ్ల ఫ్రిజ్‌లలో ఉన్నాయో అనిపించి ఇది రాస్తున్నాను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది.

నాన్న వంట మేస్త్రి. తణుకు చుట్టుపక్కల ఊళ్లలో ముప్ఫై ఏళ్లు పెళ్ళిళ్లకీ గృహప్రవేశాలకీ వండారు. 2011లో షుగర్ బయటపడగానే అందరిదీ ఒకటే మాట: "స్వీట్లు చేసే చెయ్యి కదా, రుచి చూసీ చూసీ తెచ్చుకున్నాడు." నాన్న కూడా అదే నమ్మారు. తప్పు తనదే అనుకున్న మనిషికి మాత్ర జరిమానాలా కనిపిస్తుంది, ఇన్సులిన్ జైలుశిక్షలా కనిపిస్తుంది. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇన్సులిన్ మొదలుపెట్టడం ఓడిపోవడం కాదు. చాలామంది విషయంలో అది, మోయలేనంత పని నెత్తిన పడి కుంగిపోతున్న కణాలకు ఇచ్చే సెలవు. నేను ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలంటే ప్రోటీన్ మడత దగ్గర మొదలుపెట్టాలి.

ప్రోటీన్ అనగానే మనకు పప్పు, గుడ్డు గుర్తొస్తాయి. కణం లోపల మాత్రం ప్రోటీన్ ఒక పనిముట్టు. అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన దండలా అది పుడుతుంది. దండగా ఉన్నంతసేపూ దానితో పని జరగదు. తనదైన ఆకారంలోకి మడతపడ్డాకే పనికొస్తుంది. క్రిస్టియన్ అన్ఫిన్సెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రైబోన్యూక్లియేజ్ అనే చిన్న ప్రోటీన్‌తో ఈ సంగతి చూపించారు. అది 124 అమైనో ఆమ్లాల దండ. అందులో 8 సిస్టీన్లుంటాయి, అంటే గంధకం ఉన్న పూసలు. అవి రెండేసి కలిసి నాలుగు ముడులు పడతాయి. ఎనిమిదింటిని జతలు కట్టడానికి 105 మార్గాలున్నాయి, సరైనది ఒక్కటే. రసాయనాలతో ముడులన్నీ విప్పేసి, తర్వాత ఆ రసాయనాలను తీసేస్తే, ప్రోటీన్ ఎవరూ చెప్పకుండానే ఆ ఒక్క మార్గాన్నే పట్టుకుంది. ఆ పనికి 1972లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అయితే అది గాజుసీసాలో, పల్చటి ద్రావణంలో, తీరిగ్గా జరిగిన పని. కణంలో అంత తీరిక ఎక్కడిది?

క్లోమంలో (ప్యాంక్రియాస్) ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాన్ని చూడండి. ఇన్సులిన్‌కి ముందు రూపం ప్రోఇన్సులిన్. 86 అమైనో ఆమ్లాలు, 6 సిస్టీన్లు, మూడు ముడులు. ఇక్కడ తప్పుగా ముడిపడే మార్గాలు 14, సరైనది ఒకటి. మనం భోంచేసి లేచాక ఒక్కో బీటా కణం నిమిషానికి సుమారు 10 లక్షల ప్రోఇన్సులిన్ అణువుల దాకా తయారుచేయగలదు. ఈ మడతలన్నీ జరిగే చోటుని ఇంటర్ పుస్తకాల్లో అంతర్జీవ ద్రవ్యజాలం అని చదువుకున్నాం. ల్యాబ్‌లో అందరం ఈఆర్ అంటాం. పొరలు పొరలుగా ఉండే ఆ ఇరుకు గదుల్లో సాయం చేసే ప్రోటీన్లు వేరే ఉంటాయి, వాటిని చాపెరోన్లంటారు. బిప్ అనేది వాటిలో ముఖ్యమైనది. సగం మడతపడ్డ దండలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా పట్టుకుంటుంది.

పని ఎక్కువైతే? మడతపడని దండలు పోగుపడతాయి. ఆ స్థితికే ఈఆర్ స్ట్రెస్ అని పేరు. మనం రోజూ వాడే స్ట్రెస్ అన్న మాటకీ దీనికీ నేరుగా సంబంధం లేదు. ఇది ఆఫీసు టెన్షన్ కాదు. ఒక గదిలో పోగుపడిన పని.

ఆ గదిలో ఇబ్బంది వస్తే కేంద్రకంలో ఉన్న జన్యువులకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు 1993లో జవాబు దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పీటర్ వాల్టర్ బృందం, డాలస్‌లో పనిచేస్తున్న కజుతోషి మోరి బృందం వేర్వేరుగా ఈస్ట్ కణాల్లో ఐఆర్ఈ1 అనే కాపలా ప్రోటీన్‌ని పట్టుకున్నాయి. దాని ఒక కొస ఈఆర్ లోపల ఉండి పరిస్థితి చూస్తుంది, రెండో కొస బయట ఉండి కబురు పంపుతుంది. 2014లో వాళ్లిద్దరికీ వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు. మన కణాల్లో ఇలాంటి కాపలాదార్లు ముగ్గురు: ఐఆర్ఈ1, ఏటీఎఫ్6, పెర్క్. మొదటి రెండూ గదిని పెద్దది చేయిస్తాయి, చాపెరోన్లను ఎక్కువగా తయారుచేయిస్తాయి, బాగుపడని సరుకును బయటకు ఈడ్పించి ముక్కలు చేయిస్తాయి. పెర్క్ పని వేరు. కొత్త ప్రోటీన్ల తయారీనే తగ్గించేస్తుంది. 1999లో డేవిడ్ రాన్ బృందం దాన్ని వివరించింది.

అప్పట్లో నేను రాసుకున్న పోలిక నాన్న పని నుంచి తీసుకున్నదే. ఐదొందల మందికని మొదలైన పెళ్ళికి తొమ్మిదొందల మంది వచ్చారు. మేస్త్రి ఏం చేస్తాడు? ఇంకో గాడిపొయ్యి తవ్విస్తాడు, పక్క ఊరి నుంచి ఇద్దరు మనుషుల్ని పిలిపిస్తాడు, విచ్చిపోయిన బూరెలు పక్కన పారేయిస్తాడు, కొత్త వాయి కాసేపు ఆపమంటాడు. అప్పటికీ కాకపోతే పొయ్యి ఆర్పేస్తాడు. కణం పొయ్యి ఆర్పేయడమంటే తనను తాను చంపుకోవడం. చాప్ అనే ప్రోటీన్ పెరిగితే కణం అటు నడుస్తుంది.

చాప్‌ని పెంచేది ఎవరనుకున్నారు? ప్రధానంగా పెర్క్ దారే. కణానికి ఊపిరి తీసుకునే తెరిపి ఇచ్చేదీ అదే, అలారంలా ఎక్కువకాలం మోగుతూ ఉంటే చావు దాకా తీసుకుపోయేదీ అదే. 2007లో వాల్టర్ బృందం ఇంకో సంగతి చూపించింది. స్ట్రెస్ తగ్గకపోయినా ఐఆర్ఈ1 కొన్ని గంటల తర్వాత చల్లబడిపోతుంది, పెర్క్ మాత్రం మోగుతూనే ఉంటుంది.

ఇది నేను కళ్లారా చూశాను. డీటీటీ అనే రసాయనం ప్రోటీన్ల గంధకపు ముడులను విప్పేస్తుంది. దాని వాసన కుళ్లిన గుడ్డులా ఉంటుంది, ఆ రోజుల్లో నా చున్నీలకి కూడా పట్టేది. ఎలుక బీటా కణాల మీద అది పోసి, కాసేపటికి కడిగేస్తే చాలావరకు కోలుకునేవి. మర్నాడు చూస్తే ప్లేటుకి అతుక్కుని, కాళ్లు చాపి నిలబడి ఉండేవి. కడగకుండా వదిలేస్తే గుండ్రంగా ముడుచుకుని పైకి తేలేవి. మందు అదే, మోతాదు అదే. తేడా అంతా కోలుకోవడానికి దొరికిన సమయంలో ఉంది.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు వంటింట్లో కూర్చుని నాన్నకి ఈ పెళ్ళి పోలిక చెప్పాను. అంతా విన్నారు. "మనుషులు తక్కువైతే బూరె పాడవదే అమ్మాయ్" అన్నారు. "నువ్వెప్పుడైనా బాణలి దగ్గర నిలబడ్డావా? వాయి పడగానే నూనె చల్లారుతుంది. మళ్లీ కాగనివ్వాలి. జనం కూర్చున్నారు, వడ్డనవాళ్లు కేకలేస్తున్నారని నూనె కాగకముందే రెండో వాయి వేశావనుకో, తోపు విచ్చిపోయి పూర్ణం నూనెలో కలిసిపోతుంది. ఇక ఆ నూనె దేనికీ పనికిరాదు, బాణలి దించేయడమే."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే 2004లో రాన్ బృందం చాప్ గురించి చెప్పింది అచ్చంగా అదే. చాప్ నేరుగా విషంలా చంపదు. పెర్క్ ఆపించిన పనిని మళ్లీ మొదలుపెట్టించే ఇంకో ప్రోటీన్‌ని పిలుస్తుంది. ఈఆర్ ఇంకా సర్దుకోలేదు, లోపల పాత సరుకు అలాగే ఉంది, దాని మీద కొత్త దండలు వచ్చి పడతాయి. కణం దాంతో కూలిపోతుంది. 2013లో ఇంకో బృందం కూడా ఇదే చూసింది. నా థీసిస్‌లో రెండు పేజీలు పట్టిన సంగతిని మా నాన్న నూనె బాణలితో తేల్చేశారు. నా పోలికలో లోపం ఎక్కడుందో కూడా ఆయనే చెప్పారు: చేతులు చాలకపోవడం కంటే, నూనె కాగే వ్యవధి ఇవ్వకపోవడం పెద్ద ప్రమాదం.

ఎలుకల్లో, పసిపిల్లల్లో దీనికి సాక్ష్యాలు చాలా బలంగా ఉన్నాయి. జపాన్‌లోని అకిటా పేరుతో పిలిచే ఎలుకల జాతి ఒకటుంది. వాటి ఇన్సులిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా, దానివల్ల ఒక సిస్టీన్ పోయింది. జంట పోయిన రెండో సిస్టీన్ ఒంటరిగా మిగిలి మడత చెడగొడుతుంది. ఆ ఎలుకలు లావు కావు, వాటి రోగనిరోధక వ్యవస్థ బీటా కణాల మీద దాడి చేయదు, అయినా చిన్న వయసులోనే షుగర్ వస్తుంది. చాప్ జన్యువు తీసేస్తే అది రావడం ఆలస్యమైంది. మనుషుల్లోనూ ఇలాంటి మార్పులే పుట్టిన కొద్ది నెలలకే షుగర్ తెస్తాయని 2007లో తేలింది. ఇక పెర్క్ జన్యువే పనిచేయని పిల్లలకు వచ్చే జబ్బుని వోల్కాట్-రాలిసన్ సిండ్రోమ్ అంటారు. పసితనంలోనే షుగర్, ఎముకల లోపాలు, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే కాలేయ వైఫల్యం. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా చెడ్డ ప్రతే వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి దగ్గరి బంధువుల్లో పెళ్ళిళ్లు చేసుకునే సమాజాల్లో ఎక్కువ కనిపిస్తుంది. మేనరికాలు మనకు కొత్త కాదు గనక ఈ మాట చెప్పకుండా దాటలేను.

ఆ పసిపిల్లల్లో ఎవరూ లడ్డూలు తినలేదు. పని ఆపించే బ్రేకు లేకపోవడం వల్లే వాళ్ల బీటా కణాలు పోయాయి.

పెద్దవాళ్లకు వచ్చే టైప్-2 షుగర్‌కి వచ్చేసరికి నిజాయితీగా ఉండాలి. అక్కడ ఈఆర్ స్ట్రెస్ ఒక్కటే కారణమని ఎవరూ నిరూపించలేదు. జన్యువులున్నాయి, కాలేయంలో పేరుకున్న కొవ్వుంది, క్లోమంలో గడ్డకట్టే ఇంకో ప్రోటీన్ ఉంది, వయసుంది. కానీ షుగర్ ఉన్నవాళ్ల క్లోమాల్ని పరీక్షించినప్పుడు బీటా కణాల్లో చాప్ సహా స్ట్రెస్ గుర్తులు కనిపించాయి. 2003లో అమెరికాలో పోస్టుమార్టం నమూనాలు చూసిన అధ్యయనంలో, షుగర్ లేనివాళ్లతో పోలిస్తే క్లోమంలో బీటా కణాల మొత్తం పరిమాణం, లావుగా ఉన్న రోగుల్లో 63 శాతం, సన్నగా ఉన్న రోగుల్లో 41 శాతం తక్కువగా ఉంది. 2013లో చెన్నైలో చేసిన ఒక అధ్యయనం, షుగర్ హద్దు ఇంకా దాటని, కొంచెం ఎక్కువగా ఉన్న దశలోనే మనవాళ్ల బీటా కణాల పని బాగా తగ్గి ఉందని చెప్పింది. అంటే మనలో చాలామంది చిన్న వంటశాలతో పెద్ద పెళ్ళి మోస్తున్నాం. తిండి లెక్కలోకి రాదని నేను అనడం లేదు. తిండి, బరువు ఆ పెళ్ళికి వచ్చే జనం. వాళ్లను తగ్గించుకోవాలి. కానీ ఎవరి వంటశాల ఎంతో పుట్టుకతో చాలావరకు నిర్ణయమైపోయి ఉంటుంది. అదే తిండి తిన్న మా బాబాయికి షుగర్ లేదు.

అన్ని కణాలూ చచ్చిపోవు కూడా. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డొమెనికో అచిలి బృందం ఎలుకల్లో చూపించినదాని ప్రకారం చాలా బీటా కణాలు బతికే ఉండి, తాము బీటా కణాలమన్న సంగతి మర్చిపోతాయి. మర్చిపోయినవాటికి గుర్తుచేసే అవకాశం ఉంటుంది. పోయినవాటికి ఉండదు. అందుకే తొందరపడాలి.

ఇక నా వాదనకు అసలు బలం చైనాలో జరిగిన ఒక పరీక్ష. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొత్తగా టైప్-2 బయటపడిన 382 మందిని మూడు గుంపులు చేశారు: పంపుతో ఇన్సులిన్, రోజుకు పలుమార్లు సూదితో ఇన్సులిన్, మాత్రలు. షుగర్ మామూలు స్థాయికి వచ్చాక రెండు వారాలు అలాగే నిలిపి, మందులన్నీ ఆపేశారు. తర్వాత తిండి జాగ్రత్త, వ్యాయామం మాత్రమే. ఏడాది గడిచాక మందు లేకుండా షుగర్ అదుపులో ఉన్నవాళ్లు పంపు గుంపులో 51.1 శాతం, సూది గుంపులో 44.9 శాతం, మాత్రల గుంపులో 26.7 శాతం. ఇన్సులిన్ గుంపుల్లో బీటా కణాల స్పందన కూడా మెరుగ్గా నిలబడింది. కొద్ది వారాల సెలవుకి ఏడాది ఫలితం! బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ పరీక్షలో సూది లేకుండానే, ఆహారం బాగా తగ్గించి బరువు దించి, 46 శాతం మందికి ఏడాదికి షుగర్ వెనక్కి పోయింది. దారి వేరైనా కణం మీద భారం తగ్గడం రెండింటిలోనూ ఉంది.

ఎదుటివైపు మాట కూడా చెప్పాలి. ఇన్సులిన్‌తో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, బరువు పెరగొచ్చు. 12,537 మందితో చేసిన ఆరిజిన్ పరీక్షలో ముందుగా ఇన్సులిన్ మొదలుపెట్టినా గుండెపోట్లు తగ్గలేదు (పెరగలేదు కూడా). ఇప్పుడు బరువునీ షుగర్‌నీ కలిపి దించే కొత్త మందులున్నాయి, చాలామందికి అవే ముందు రాస్తున్నారు. అందరూ వెంటనే సూది వేసుకోమని నేను చెప్పడం లేదు, ఎవరికి ఏది అన్నది డాక్టరు చూసి తేల్చాల్సిందే. డాక్టరు రాశాక కూడా సిగ్గుతోనో భయంతోనో దాచేసుకునే పద్ధతితోనే నా గొడవ.

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో "కణాల స్ట్రెస్ తగ్గించే" గుళికల లింకు ఒకటి తిరిగింది. అందులో ఉన్నది టడ్కా అనే పైత్యరస ఆమ్లం. 2006లో లావు ఎలుకల్లో అది ఈఆర్ స్ట్రెస్ తగ్గించి షుగర్ సరిచేసిన మాట నిజం. 2010లో 20 మంది ఊబకాయులకు నాలుగు వారాలు ఇస్తే ఇన్సులిన్ బాగా పనిచేసింది, కానీ స్ట్రెస్ గుర్తులు మాత్రం కదలలేదు. అదే టడ్కాకి ఇంకో రసాయనం కలిపిన మందుకి నరాల జబ్బు ఏఎల్ఎస్ కోసం అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. పెద్ద పరీక్షలో పని చేయలేదని తేలి 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. రోగులు ఎంత ఆశపడి ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది. సీసా మీద ఒక మాట అంటించి అమ్మేంత సులువైన విషయం కాదిది.

పైగా స్ట్రెస్ తగ్గడమే అన్నిచోట్లా మంచిదని కూడా లేదు. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కణాలు యాంటీబాడీలనే ప్రోటీన్లను కుప్పలుగా తయారుచేస్తుంటాయి, అవి ఎప్పుడూ అంచున బతికే కణాలు. 2003లో అనుమతి వచ్చిన బోర్టెజోమిబ్ కణంలోని చెత్త తొలగించే యంత్రాన్నే ఆపేస్తుంది. చెడ్డ సరుకు పోగుపడటం ఆ కణాలు చావడానికి ఒక కారణం. మా వీధిలో ఒక పిన్నిగారు ఆ ఇంజెక్షన్లతోనే నాలుగేళ్లు మనవళ్లను ఎత్తుకుని తిరిగారు. బీటా కణాన్ని మనం కాపాడుకోవాలనుకునేదీ, క్యాన్సర్ కణాన్ని పడగొట్టేదీ ఒకే బలహీనత.

ఆ సంక్రాంతి తర్వాత, కనుమ మర్నాడు, నాన్న కొత్త పెన్ను తెప్పించమన్నారు. షుగర్ బయటపడి అప్పటికి ఏడేళ్లు. చైనా పరీక్షలో వాళ్లలా మందు ఆపేసే అదృష్టం ఆయనకు దొరకలేదు, అది మొదట్లో పట్టుకుంటే దొరికేది. కానీ మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4 నుంచి ఆర్నెల్లలో 7.3కి వచ్చింది. పాదం మీద మానకుండా ఉన్న పుండు మానింది. రాత్రుళ్లు నాలుగుసార్లు లేవడం తగ్గింది. ఆయన మళ్లీ గాడిపొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటున్నారు.

పోయిన నెల మా అత్తకి, అంటే నాన్న చెల్లెలికి, షుగర్ బయటపడింది. హెచ్‌బీఏ1సీ 11 దాకా ఉంది. కొన్ని వారాలు ఇన్సులిన్ వేసుకుని చూద్దామన్నారట డాక్టరుగారు. అత్త ఏడుస్తూ ఫోన్ చేసింది నాకు కాదు, నాన్నకి. నేను పక్కనే ఉన్నాను. నాన్న పెర్క్ గురించీ చాప్ గురించీ ఏమీ చెప్పలేదు. "నువ్వేం తప్పు చేశావే? లోపల నూనె చల్లారింది, కాగేదాకా వాయి ఆపమంటున్నారు, అంతే" అన్నారు. అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత సూది ఎక్కడ గుచ్చుకోవాలని అడిగింది. బొడ్డుకి నాలుగు వేళ్ల దూరంలో, రోజుకో చోట, అని నాన్న తన పొట్ట మీద వేళ్లు పెట్టి కొలుచుకుంటూ ఫోన్లో చెప్పారు.